మూడు తాళాల బడి: మూతపడిన ఒక మున్సిపల్ పాఠశాల, సర్వే నుంచి మళ్లీ తెరిచేదాకా

ఆ బడి గేటుకు మూడు తాళాలు వేలాడుతున్నాయి. ఒకటి విద్యాశాఖది. ఒకటి మున్సిపల్ ఇంజనీరింగ్ సెక్షన్‌ది. నాతో వచ్చిన వర్క్ ఇన్‌స్పెక్టర్ ఆ రెండూ తీసి మూడోదాని దగ్గర ఆగిపోయాడు. అది ఎవరు వేశారో ఆయనకు తెలీదు. ఎదురింటి అరుగు మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న పెద్దావిడ మమ్మల్ని చూసి లేచి వచ్చింది. కొంగున ముడేసుకున్న తాళంచెవి విప్పి ఇచ్చింది. పద్నాలుగేళ్లు ఆ బళ్లో మధ్యాహ్న భోజనం వండిన మనిషి ఆవిడ. "రాత్రిళ్లు తాగుబోతులు దూరుతుంటే నేనే వేశాను బాబూ. మీవాళ్ల తాళాలు గట్టిగా గుంజితే ఊడొస్తున్నాయి" అంది.

ఈ కేసు గురించి ఎవరు అడిగినా నేను ఆ తాళం దగ్గరే మొదలుపెడతాను. బడి మూసేశాక భవనం ఎవరి చేతిలో ఉండాలో కాగితం మీద రెండు శాఖలకు స్పష్టత లేదు. పేటకు మాత్రం ఉంది.

పాత భవనాల పటిష్ఠత పరీక్షలు, మరమ్మతులు నా వృత్తి. ఇరవై ఏళ్లు దాటింది. 2024 వర్షాకాలం చివర్లో గోదావరి ఒడ్డున ఉన్న ఒక నగరపాలక సంస్థ తన పరిధిలో మూతపడిన మూడు పాఠశాల భవనాల మీద రిపోర్టు కావాలని అడిగింది. లేఖలో ఉన్న మాటలు చదివితే వాళ్లకు కావలసింది రిపోర్టు కాదని తెలుస్తూనే ఉంది. 'శిథిలావస్థలో ఉన్నది, తొలగించవచ్చు' అని ఒక సంతకం కావాలి. ఆ మూడింటిలో పెద్దదైన ఈ బడి గురించే ఇక్కడ రాస్తున్నాను. ఊరి పేరు, బడి పేరు రాయడం లేదు. ఇందులో చెప్పిన ఇబ్బందులు ఆ ఊరికే ప్రత్యేకమైనవి కావు.

బడి ఎందుకు మూతపడిందో రెండు ముక్కల్లో చెబుతాను. 2022 జూన్‌లో వచ్చిన జీవో 117 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 3, 4, 5 తరగతుల పిల్లల్ని దగ్గర్లోని ఉన్నత పాఠశాలలకు మార్చారు. ఇక్కడ 1, 2 తరగతుల్లో మిగిలిన కొద్దిమందినీ ఏడాది తిరిగేలోపు తల్లిదండ్రులు ప్రైవేటు బళ్లకు తీసుకుపోయారు. అన్నయ్య ఒక బడికి, చెల్లి ఇంకో బడికి అంటే దింపిరావడానికి ఇంట్లో ఇద్దరు మనుషులు కావాలి కదా. ఇది ఒక్క రాష్ట్రం సంగతి కూడా కాదు. కేంద్ర విద్యాశాఖ 2024-25 లెక్కల్లో ఒక్క విద్యార్థి కూడా లేని బళ్లు దేశంలో దాదాపు 8 వేలు. అందులో తెలంగాణవే 2,245. ఇలాంటి బడి వెనక ఒక భవనం, ఒక స్థలం, ఒక తాళం ఉంటాయి.

భవనం ఏం చెప్పింది

ఆవరణలో మూడు కట్టడాలు. ముందు వైపు 1930ల నాటి పాత బ్లాకు. పక్కన 1984లో వేసిన రెండంతస్తుల ఆర్‌సీసీ బ్లాకు. వెనక సర్వశిక్షా అభియాన్ రోజుల్లో కట్టిన అదనపు తరగతి గదులు రెండు. కూల్చాలన్న వాళ్లందరి వేలూ పాత బ్లాకు వైపే చూపించేది. "ఎనభై తొంభై ఏళ్లయింది సార్, ఇంకేం మిగిలుంటుంది" అని.

పరీక్షల్లో తేలింది వేరు. పాత బ్లాకు గోడలు పద్దెనిమిది అంగుళాల మందం, గానుగ సున్నంతో కట్టినవి. పైన మద్రాస్ టెర్రస్. అంటే టేకు దూలాల మీద సన్నటి ఇటుకల్ని నిలబెట్టి ఐమూలగా పేర్చి, ఆ పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపి దిమ్మిస కొట్టి, ఆఖర్న పలక పెంకులు పరిచిన కప్పు. ఇరవై రెండు దూలాల్లో ఇరవై బాగున్నాయి. రెండింటి కొనలు మాత్రం గోడలోకి దిగే చోట పుచ్చిపోయాయి. ఆ పుచ్చు ఎక్కడుందో చూసి నేరుగా పైకి ఎక్కాను. సరిగ్గా అక్కడే వాననీటి తూము వేపాకులతో పూడుకుపోయి ఉంది. రెండు వర్షాకాలాల నీళ్లు కప్పు మీద చెరువులా నిలబడి, పిట్టగోడ మూలన చేతికర్ర మందాన రావి మొక్క పెరిగింది.

బడి నడిచిన రోజుల్లో ఏటా జూన్‌లో ఆయా ఎక్కి ఆకులు ఊడ్చేదట. ఎవరూ చెప్పక్కర్లేదు, రిజిస్టర్లో రాయక్కర్లేదు. పిల్లలతో పాటు ఆ పనీ పోయింది. ఎనభై ఏళ్లకు పైగా నిలిచిన కప్పును రెండు వానాకాలాలు ఆ స్థితికి తెచ్చాయి.

1984 బ్లాకు సంగతి ఇంకోలా ఉంది. బయటికి గట్టిగానే కనిపిస్తుంది. కాంక్రీటు గట్టిదనాన్ని కొలిచే రీబౌండ్ హ్యామర్ పెడితే లెక్కలు కూడా బాగానే వచ్చాయి. ఈ పని కొత్తగా నేర్చుకుంటున్న వాళ్లకు ఇక్కడ ఒక మాట. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాంక్రీటులోకి దిగేకొద్దీ పైపొర గట్టిపడుతుంది, అందుకే హ్యామర్ మంచి అంకె చూపిస్తుంది. అదే సమయంలో లోపలి ఊచకు ఉండే క్షార రక్షణ పోతుంది. కాబట్టి ఒక్క హ్యామర్ రీడింగ్ చూసి సర్టిఫికెట్ ఇవ్వకూడదు. కాంక్రీటు ముక్క కొత్తగా పగలగొట్టి ఫినాఫ్తలీన్ చల్లాం. క్షారం ఉన్నచోట ముదురు గులాబీ రంగు రావాలి. పైనుంచి 35 మిల్లీమీటర్ల లోతు వరకు రంగే రాలేదు. ఊచలున్నది 15 మిల్లీమీటర్ల లోతులో! మొదటి అంతస్తు వరండా స్లాబు అడుగున పెచ్చులూడి తుప్పు కారుతున్న చోట ఊచ మందం దాదాపు సగమైంది. పిల్లలు అన్నం తిన్నది ఆ వరండా కిందే. అది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వెనక గదులు రెండూ కట్టడంగా బాగున్నాయి. కిటికీ ఊచలు, స్విచ్‌బోర్డులు, రాగి తీగ, కుళాయిలు పోయాయి. మూసిన మొదటి ఆరు నెలల్లోనే అవన్నీ పోయాయని పెద్దావిడ చెప్పింది. ఆ తర్వాతే మూడో తాళం పడింది.

నేల ఎవరిచ్చింది

పరీక్షలు చేస్తుండగానే కాగితాల వేట మొదలుపెట్టాను. ఇది ఇంజనీరు పని కాదంటారు కొందరు. మూతపడిన బడి విషయంలో ఇదే ముందు చేయాలని నా అనుభవం. మున్సిపల్ ఆస్తుల రిజిస్టర్లో 'పాఠశాల స్థలం' అని ఒక్క వాక్యం ఉంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం, తీయిస్తే పాత లావాదేవీ ఏదీ కనిపించలేదు, కంప్యూటర్లో ఎక్కిన కాలానికి ముందుది కాబట్టి. పాత సంపుటాల్లో చేత్తో వెతికించి నకలు తీయించేసరికి ఐదు వారాలు పట్టింది.

దొరికింది ఒక దానపత్రం. పేటలోని ఒక కుటుంబం బడి కోసం స్థలం రాసిచ్చింది. పిల్లల చదువుకూ, పేట జనానికి పనికొచ్చే కార్యాలకూ తప్ప వేరే వాడకం ఉండకూడదని షరతు. దానితో పాటు జతచేసిన జాబితా ఒకటి ఉంది. ఎవరెవరు ఏమిచ్చారో అందులో రాశారు. ఒకరు రెండు బండ్ల సున్నం, ఒకరు దూలాలు, ఇంకొకరు నాలుగు రోజుల తాపీ పని. డబ్బిచ్చిన వాళ్ల కంటే చాకిరీ ఇచ్చిన వాళ్ల పేర్లే ఎక్కువ.

ఆ జాబితా చూస్తుంటే నాకు క్యోటో గుర్తొచ్చింది. జపాన్ రాజధాని క్యోటో నుంచి టోక్యోకు తరలిపోయిన రోజుల్లో, 1869లో, క్యోటో పేటల జనం తమంతట తాము 64 ప్రాథమిక పాఠశాలలు పెట్టుకున్నారు. దేశవ్యాప్త విద్యా చట్టం రావడానికి మూడేళ్ల ముందు మాట ఇది. ఖర్చు కోసం పొయ్యి ఉన్న ప్రతి ఇంటి నుంచీ చందా వసూలు చేశారు. దాన్ని 'కమాడో కిన్' అన్నారు, అంటే పొయ్యి డబ్బు. పిల్లలున్నారా లేరా అని చూడలేదు. ఇంట్లో పొయ్యి వెలిగితే చందా ఇవ్వాలి. ఆ బళ్లలో చదువుతో పాటు పేట సమావేశాలు, అగ్నిప్రమాదాలను కనిపెట్టే బురుజు కూడా ఉండేవి.

వందేళ్లు గడిచి నగరం నడిబొడ్డున పిల్లలు తగ్గిపోయాక 1990ల్లో ఆ బళ్లను కలిపేయాల్సి వచ్చింది. అప్పుడు క్యోటో నగరపాలక సంస్థ ఖాళీ బడిని సర్కారు ఆస్తి అని మాత్రమే చూడలేదు. పొయ్యి డబ్బు కట్టిన పేటల వారసులతో కూర్చుని, 1994లో ఒక విధానం రాసుకుంది. 1993లో మూసిన మేయిరిన్ పాఠశాల 1931 నాటి భవనంలో 2000లో క్యోటో ఆర్ట్ సెంటర్ వచ్చింది. తత్సుయికే పాఠశాల 2006లో మాంగా మ్యూజియం అయింది. అక్కడికి వెళ్లినప్పుడు నేను ఎక్కువసేపు చూసింది బొమ్మల పుస్తకాల్ని కాదు. ఆట స్థలాన్ని పచ్చికగా ఉంచేశారు, జనం దాని మీద పడుకుని చదువుకుంటున్నారు. లోపల ఆ పేట, ఆ బడి చరిత్రకు ఒక గది ఉంచారు. నడిస్తే చెక్క నేల కిర్రుమంటుంది.

తర్వాత డబ్బు అవసరం పెరిగింది. క్యోటో ప్రైవేటు కంపెనీలకూ దారి తెరిచింది, అయితే అమ్మలేదు. దీర్ఘకాల లీజుకు ఇచ్చింది. రిస్సేయి పాఠశాల స్థలంలో 2020లో ఒక హోటల్ వచ్చింది. పేట వాళ్ల సమావేశాలకు చోటు, బయట అందరూ కూర్చునే పచ్చిక, గ్రంథాలయం, అన్నీ అదే ఆవరణలో ఉన్నాయి. విపత్తు వస్తే తలదాచుకునే చోటు, పేట కార్యక్రమాలు ఆగకూడదన్నది అక్కడి లీజుల్లో పదేపదే కనిపించే షరతు.

జపాన్ మొత్తం మీద 2002 నుంచి 2020 వరకు 8,580 ప్రభుత్వ బళ్లు మూతపడ్డాయి. భవనాలు నిలిచి ఉన్నవి 7,398, వాటిలో ఏదో ఒక వాడకంలో ఉన్నవి 5,481. నూటికి డెబ్భై నాలుగు. 2010 నుంచి వాళ్ల విద్యాశాఖే ఖాళీ బళ్ల వివరాలు ఒకచోట పెట్టి, వాడుకునే వాళ్లను వెతికిపెడుతోంది. చిబా జిల్లాలో ఒక బడి రోడ్డు పక్క సంతగా, గదులు రాత్రి బసగా మారాయి. మురోతోలో ఇంకో బడిని చేపల ప్రదర్శనశాల చేశారు, ఈత కొలనులో తాబేళ్లు, సొరచేపలు తిరుగుతుంటాయి.

నా మొదటి రిపోర్టు

ఇదంతా తెలిసి కూడా నేను మొదట రాసిచ్చిన ముసాయిదాలో పొరపాటు చేశాను. పాత బ్లాకు ఉంచి, ఆర్‌సీసీ బ్లాకు తీసేసి, ఖాళీ అయిన చోటా ఆట స్థలంలో సగం చోటా దుకాణాల వరస కట్టుకోవచ్చని రాశాను. మున్సిపాలిటీకి ఆదాయం చూపిస్తేనే పాత బ్లాకు బతుకుతుందని నా లెక్క. దానపత్రం నకలు అప్పటికి చేతికి రాలేదు. అది వచ్చాక దుకాణాల ప్రసక్తి ఎలాగూ పోయేది, వారసుల్లో ఒక్కరు కోర్టుకెళ్లినా చాలు. నా తప్పు నాకు తెలిసింది మాత్రం కాగితంతో కాదు.

ముసాయిదా ఇచ్చాక స్థలం కొలతలు మళ్లీ తీయడానికి వెళ్లాను. గేటు తీసి ఉంది. ఒక ఇంట్లో పెద్దకర్మ. పాత బ్లాకు వరండాలో బంతి భోజనాలు నడుస్తున్నాయి. ఆ పేటలో ఇళ్లన్నీ సెంటు, సెంటున్నర. ముప్ఫై మంది కూర్చునే చోటు ఏ ఇంట్లోనూ లేదు. దుకాణాల వరసకు ముగ్గుపిండితో గీత గీయాల్సిన చోట వంట పొయ్యిలు ఉన్నాయి.

మర్నాటి నుంచి నాలుగు రోజులు ఇద్దరు కుర్రాళ్లను పెట్టి, తెల్లవారుజాము ఐదు నుంచి రాత్రి పది దాకా ఆ ఆవరణలోకి ఎవరొస్తున్నారో, ఏం చేస్తున్నారో గంట గంటకూ రాయించాను. ఖాళీ భవనం అని మేమంతా అంటున్న చోట ఖాళీగా ఉన్న గంటలు తక్కువ. ఐదింటికి నడకకొచ్చే ఆడవాళ్లు. ఆరింటికి కానిస్టేబుల్ ఉద్యోగాలకు పరుగు ప్రాక్టీస్ చేసే పిల్లలు, వాళ్లలో అమ్మాయిలూ ఉన్నారు. పదకొండు దాటాక వేపచెట్టు కింద ఆటోవాళ్ల భోజనాలు. నాలుగింటికి ఆవరణ మొత్తం చిన్నపిల్లలది. రాత్రి ఎనిమిది దాటాక వెనక గదుల దగ్గర సీసాలు. ఆ ఒక్క గుంపు గురించే పేట వాళ్ల ఫిర్యాదు.

గంటల లెక్కలో పట్టనివీ ఉన్నాయి. ఇది పోలింగ్ కేంద్రం, ర్యాంపు, మంచినీటి ట్యాంకు ఇంకా పనిచేస్తున్నాయంటే అందుకే. వినాయక చవితి పందిరి ఇక్కడే. 1986 ఆగస్టు గోదావరి వరదలప్పుడు లంకల నుంచి వచ్చిన కుటుంబాలు ఈ గదుల్లోనే తలదాచుకున్నాయని పేట పెద్దలు చెప్పారు. 2022 జూలై వరదలకు కూడా గదులు తెరిచారట.

ముసాయిదా వెనక్కి తీసుకుని, ఆట స్థలంలో ఒక్క గజం కూడా కట్టడానికి వీల్లేదని తిరగరాశాను. కమిషనర్‌కు ఆ మార్పు నేనే స్వయంగా వెళ్లి చెప్పాను. ఆయన ఓపికగా విన్నారు. "మరి మరమ్మతుకు డబ్బెక్కడిది?" అన్నారు. సరైన ప్రశ్నే.

సమావేశం, బేరాలు

వార్డు స్థాయి సమావేశానికి ముందే నాలుగు ప్రతిపాదనలు బల్ల మీద ఉన్నాయి. షాపింగ్ కాంప్లెక్స్, కళ్యాణ మండపం, వార్డు సచివాలయం, కార్ పార్కింగ్. ఒక్కోదాని వెనక ఒక్కో నాయకుడు. నేను ఒకే ఒక్క విషయం పట్టుబట్టాను. సమావేశం మున్సిపల్ ఆఫీసులో కాదు, ఆ బడి ఆవరణలో పెట్టాలి, అదీ అన్ని గదులూ తెరిచి, జనాన్ని లోపలికి నడిపించి చూపించాక.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో మిస్సోరి రాష్ట్రపు కాన్సాస్ సిటీ 2010లో తన బళ్లలో దాదాపు సగం ఒక్కసారిగా మూసేసింది. ఆ వెంటనే ఈ భవనాల కోసమే ఒక ప్లానర్‌ను నియమించి, ప్రతి భవనాన్నీ విడివిడిగా పరీక్షించి, చుట్టుపక్కల వాళ్లకు లోపల చూపించి, వాళ్లతో దశలవారీగా మాట్లాడాక గానీ అమ్మకానికో లీజుకో పెట్టలేదు. షికాగో 2013లో యాభై దాకా బళ్లు ఒక్క ఓటుతో మూసింది. భవనాల సంగతి తర్వాత చూద్దామనుకుంది. పదేళ్లయినా వాటిలో సగానికి పైగా వాడకంలోకి రాలేదు. అదే ఏడాది ఫిలడెల్ఫియా మూసిన బళ్లలో బాక్ టెక్నికల్ హైస్కూల్ ఉంది. ఎనిమిదంతస్తుల ఆ భవనాన్ని ఒక ప్రైవేటు సంస్థ కొని చిన్న చిన్న వర్క్‌షాపులకు, స్టూడియోలకు అద్దెకిచ్చింది. బాగా నడుస్తోంది. కానీ అదే ఊళ్లో అప్పుడే మూతపడిన జర్మన్‌టౌన్ హైస్కూల్, వయసు నూరేళ్లకు ఒక్క ఏడాది తక్కువ, ఏళ్ల తరబడి అలాగే పడి ఉండిపోయింది. భూమికి గిరాకీ ఉన్న పేటలో అమ్మకం పని చేస్తుంది, లేని పేటలో ఎదురుచూపులే మిగులుతాయి. మన దగ్గర గిరాకీ ఉన్న పేటలో అమ్మితే ఆ స్థలం పేదవాళ్ల చేతికి మళ్లీ రాదు.

సమావేశం నాలుగు గంటలు జరిగింది. జనం గదుల్లో తిరుగుతుంటే నేను వెనక నడిచాను. ఒకాయన నాలుగో తరగతి గదిలో నల్లబల్ల మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. ఏమీ మాట్లాడలేదు. వరండా స్లాబు కింద నేను పగలగొట్టిన చోటు, తుప్పుపట్టిన ఊచ చూపించాను. "ఇది మాత్రం తీసెయ్యండి, వద్దనం" అన్నారు. కాంప్లెక్స్ ప్రతిపాదన తెచ్చిన నాయకుడు దానపత్రం నకలు చదివాక పట్టు వదిలాడు. ఆయన తాత పేరు కూడా ఆ సున్నం బండ్ల జాబితాలో ఉంది.

అక్కడ మాట్లాడిన వాళ్లలో అందరికంటే పనికొచ్చే మాట అన్నది డిగ్రీ అయిపోయిన ఒక అమ్మాయి. గ్రూప్స్‌కు చదువుతోంది. ఇంట్లో ఒకటే గది, టీవీ, తమ్ముళ్లు. ప్రైవేటు రీడింగ్ రూముకు నెలనెలా డబ్బు కట్టలేదు. "మాకు ఫ్యానూ, లైటూ, నోరు మూసుకుని కూర్చునే చోటూ ఇవ్వండి సార్, ఇంకేం వద్దు" అంది.

తేల్చుకున్నది

1984 బ్లాకు కూల్చి, ఆ జాగా ఆట స్థలంలో కలపాలి. పాత బ్లాకులో నాలుగు గదులు. రెండు కలిపి చదువుకునే హాలు, ఒకటి అంగన్‌వాడీకి, ఒకటి పేటకు. ఆ పేట గది కర్మలకు, సమావేశాలకు, పోలింగ్‌కు, వరదకు. వెనక గదుల్లో ఒకటి మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా సంఘానికి కుట్టుపని కోసం అద్దెకు. రెండోదాంట్లో బెంచీలు, బల్లలు, బడి రికార్డులు భద్రంగా ఉంచాలి.

ఆ చివరి గది గురించి వాదన జరిగింది. ఖాళీ బెంచీలకు ఒక గది ఎందుకని. జీవో 117ను 2025లో ఉపసంహరించారు. విధానం మూడేళ్లలో వెనక్కి తిరిగిందంటే పిల్లలూ తిరిగి రావచ్చు. అందుకే ఒప్పందాల్లో ఒక షరతు రాయించాను. ఇక్కడ బడి మళ్లీ తెరవాలని విద్యాశాఖ నిర్ణయిస్తే, అరవై రోజుల్లో ఎవరి గది వాళ్లు ఖాళీ చేయాలి. గోడలు పగలగొట్టకూడదు, నల్లబల్లలు తీయకూడదు. అమ్మేసిన స్థలంలోనో, కూల్చేసి కట్టిన కాంప్లెక్స్‌లోనో ఈ వెసులుబాటు ఉండదు. మూతపడిన బళ్ల మీద ఏ నగరం నన్ను సలహా అడిగినా ఇప్పుడు మొదట చెప్పేది ఇదే. తిరిగి బడి చేయలేని పని ఏదీ మొదటి పదేళ్లు చేయొద్దు.

డబ్బు సంగతి. మొత్తం మరమ్మతు ఖర్చు షాపింగ్ కాంప్లెక్స్ అంచనాలో ఆరో వంతుకు కొంచెం తక్కువే అయింది. పుచ్చిన దూలాల కొనలు కోసి, పాత టేకు ముక్కలు అతికి ఇనుప పట్టీలు బిగించాం. కప్పుకు సిమెంటు పూయనివ్వలేదు. సున్నపు కప్పు మీద సిమెంటు పూస్తే చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి దూలం లోపల్లోపల కుళ్లుతుంది. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడానికే నెలన్నర పట్టింది. దొరికిన పెద్దాయన దగ్గర ఇద్దరు కుర్రాళ్లను పనికి పెట్టి నేర్పించాం.

ఆదాయం తక్కువ. కుట్టుపని గది అద్దె వాచ్‌మన్ జీతానికే సరిపోదు. అంగన్‌వాడీ అద్దె ఇంటి నుంచి ఇక్కడికి వచ్చినందుకు నెలనెలా డబ్బు మిగులుతోంది, కానీ ఆ మిగులు స్త్రీ శిశు సంక్షేమ శాఖది, ఖర్చు మున్సిపాలిటీది. ఒక శాఖ జేబులో మిగిలింది ఇంకో శాఖ జేబులోకి రాదు. ఇలాంటి పనులు ఫైళ్లలో నష్టంగా కనిపించడానికి ఇదొక పెద్ద కారణం. నా ఆఖరి రిపోర్టులో రెండు శాఖల లెక్కలూ ఒకే పట్టికలో వేసి చూపించాను. కౌన్సిల్ ఆమోదానికి ఆ పట్టికే ఎక్కువ పనికొచ్చింది.

తెరిచాక బయటపడినవి

కరెంటు మొదటి దెబ్బ. బడి మూసినప్పటి బకాయి వల్ల మీటరు తీసుకుపోయారు. పాత బకాయి ఎవరు కట్టాలన్న దాని మీద మూడు నెలలు ఉత్తరాలు నడిచాయి. ఆ మూడు నెలలూ పని జనరేటర్ మీద సాగింది. బడి మూసే రోజునే మీటరు ఎవరి పేరు మీదికి మారుతుందో, తాళం ఎవరి దగ్గర ఉంటుందో, వానలకు ముందు తూములు ఎవరు శుభ్రం చేస్తారో ఒక కాగితం మీద రాసి సంతకాలు పెట్టించుకుంటే ఇవేవీ ఉండేవి కావు. ఆ ఒక్క కాగితం ఉంటే పుచ్చిన దూలాలూ ఉండేవి కావు, పోయిన రాగి తీగా ఉండేది కాదు.

రెండోది నాకు సిగ్గనిపించిన విషయం. చదువుకునే హాలు తెరిచిన నెలకు వెళ్లి చూస్తే అరవై కుర్చీల్లో మగపిల్లలే. హాలు అడిగిన అమ్మాయి కూడా రావడం లేదు. ఆమె ఇంటికి వెళ్లి అడిగితే వాళ్లమ్మ చెప్పింది. "బాత్‌రూమ్ వెనకాల ఉందండీ, చీకటి. రాత్రి ఏడు దాటాక ఎలా పంపమంటారు?" మరుగుదొడ్లు బాగుచేయించాను గానీ అక్కడిదాకా దారి గురించి ఆలోచించలేదు. 1984 బ్లాకు ఉన్నప్పుడు ఆ దారి దాని వరండాలోంచి వెళ్లేది. బ్లాకు తీసేశాక అది చీకటి ఖాళీ జాగా అయింది. నాలుగు దీపస్తంభాలు, గచ్చు దారి, పాత బ్లాకు వెనక గోడకు ఆనుకుని ఆడపిల్లలకు విడిగా ఒక మరుగుదొడ్డి, వాచ్‌మన్ కుర్చీ అటువైపు. రెండు వారాల్లో అయిపోయింది. ఇప్పుడు హాల్లో మూడో వంతు పైగా అమ్మాయిలే. ఉదయం ఆరింటికి పరుగెత్తి, ఎనిమిదింటికి అక్కడే పుస్తకం తెరిచేవాళ్లున్నారు.

వెనక గదుల దగ్గర తాగుడు మాత్రం దానంతటదే ఆగింది. కుట్టు మిషన్లు రాత్రి తొమ్మిది దాకా నడుస్తున్నాయి.

మిగతా రెండు బళ్లలో ఒకదాన్ని, మా రిపోర్టు పూర్తయ్యేలోపే, వేరే పనికి కావాలని తీసేశారు. పునాది రాళ్లు కూడా మిగల్లేదు. దాని దానపత్రం నకలు కోసం పెట్టిన దరఖాస్తుకు జవాబు కూల్చిన పదకొండు రోజులకు వచ్చింది. మూడోదాని సర్వే ఇప్పుడు నడుస్తోంది. అక్కడ నేను మొదటి రోజే కప్పు ఎక్కి తూములు తీయించాను.

ఈ బడి గేటుకు ఇప్పుడు ఒకటే తాళం. మున్సిపల్ రికార్డులో తాళంచెవి బాధ్యుల పేర్లు రెండు ఉన్నాయి, వాచ్‌మన్, ఎదురింటి పెద్దావిడ. ఆవిడకు ఆ పని కింద నెలకు కొంత ఇస్తున్నారు. పోయిన జూన్ మొదటి వారంలో కప్పు తూములు శుభ్రం చేసినట్టు రిజిస్టర్లో ఆవిడ వేలిముద్ర ఉంది. అదే వారం పదకొండు మంది తల్లులు 1, 2 తరగతులు మళ్లీ తెరవాలని విద్యాశాఖకు అర్జీ పెట్టారు. అంగన్‌వాడీ నుంచి బయటికొచ్చే పిల్లల్ని పక్కగదికే పంపుతామని. అర్జీ ఇంకా ఫైలు మీదే ఉంది. కుట్టుపని సంఘం వాళ్లు మాత్రం అప్పుడే వచ్చి అడిగారు. పిల్లలొస్తే మేం ఏ గదికి మారాలి సార్, మిషన్లకు ప్లగ్ పాయింట్లు ఎక్కడ పెట్టిస్తారు అని.